శనివారం నాడు తూర్పుకి

నా రెయిన్ కోటు శుక్రవారం పొద్దున కనబడకుండా పోయింది. మర్నాడు బండి మీద దూర ప్రయాణం పెట్టుకున్న మనిషికి ఇది చిన్న సంగతి కాదు. వినాయకుడి పందిళ్ళు ఇంకా విప్పలేదు, మబ్బులూ విప్పలేదు. మంచం మీద సామానంతా పరుచుకున్నాను. రెండు జతల బట్టలు, పంక్చరు సామాను, చైనుకి వేసే నూనె డబ్బా, జ్వరం మాత్రలు. కోటు మాత్రం తలుపు వెనక కొక్కేనికి ఉండాలి. రాత్రి పడుకోబోయే ముందు అక్కడే ఉంది, నా కళ్ళతో చూశాను. పొద్దున లేచేసరికి కొక్కెం ఒక్కటే మిగిలింది.

ఇల్లంతా గాలించాను. బీరువా పైన, మంచం కింద, ఇస్త్రీకి వేయాల్సిన మూటలో, చివరికి బియ్యం డ్రమ్ము వెనక కూడా. మా ఆయన్ని అడిగితే, ఎరువుల దుకాణం తాళాలు జేబులో వేసుకుంటూ, "నీ కోటు నేనేసుకుంటానా?" అని నవ్వాడు. అడగాల్సిన మూడో మనిషి ఇంట్లో లేదు. మా అత్తమ్మ తెల్లవారకముందే గుడికి వెళ్ళిందట.

అప్పుడే నాకు వెలిగింది. నన్ను ఆపడానికి ఆవిడే కోటు దాచింది. కోటు లేకపోతే వానలో బయలుదేరదు, శనివారం గడిచిపోతుంది, తన పంతం నెగ్గుతుంది. ఇంత తేలిక లెక్క నాకు తెలియదనుకుందా అని పళ్ళు కొరుక్కుంటూ డ్యూటీకి పోయాను.

మా గొడవేమిటో చెప్పాలి. నేను ప్రభుత్వ దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్ని. రక్తం తీసేదాన్ని కనక నన్ను చూస్తే పిల్లలు ఏడుస్తారు, పెద్దలు ఏడవలేక నవ్వుతారు. ఇన్నేళ్ళలో నేను ఎక్కువగా చూసింది మనుషుల్ని కాదు, జ్వరాల స్లైడ్లని. అడవి మండలాల నుంచి వచ్చేవి. గాజు పలక మీద ఎండిన రక్తపు చుక్క, పక్కనే అతికించిన కాగితం మీద ఊరి పేరు. ఆ ఊళ్ళలో ఎవరికి మలేరియా వచ్చిందో, ఎవరికి రాలేదో మైక్రోస్కోపు కింద చూసి చెప్పాను. ఒక్క ఊరికీ వెళ్ళలేదు. ఆ ఊళ్ళ రక్తం తెలుసు, ఆ ఊళ్ళ దారి తెలియదు. యాభై దాటాక ఒక రోజు ఇది చాలా అన్యాయంగా తోచింది. గేర్ల బండి ఒకటి, చేతులు మారినదే, కొనుక్కున్నాను. ఇల్లందు బొగ్గుబాయి కాలనీలో పెరిగినదాన్ని. నాన్న షిఫ్టుకి పోయే బండి మీదే గ్రౌండులో బండి నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఖమ్మంలో ఇన్నాళ్ళూ స్కూటీతో సరిపెట్టుకున్నాను గానీ, కాలు గేరుని మరిచిపోలేదు.

ఆడమనిషి ఒక్కతే అంత దూరం బండి మీదనా అని మా వీధంతా అడిగింది. మా అత్తమ్మ అడగలేదు. ఇది చెబితే చాలామంది నమ్మరు. ఆవిడ అడిగింది ఒకటే.

"ఏ వారం?"

"శనివారం," అన్నాను. "ఆ రోజు నుంచే నా సెలవు."

"ఎటు?"

"భద్రాచలం మీంచి కుంట, జగదల్‌పూర్, ఆ తర్వాత ఒడిశా. పూరీ దాకా."

"అంటే తూర్పు."

"తూర్పే."

"శనివారం తూర్పుకి పోకూడదమ్మాయ్. వారశూల. పైగా అష్టమి."

మా అత్తమ్మ వాళ్ళది ఎర్రుపాలెం పక్క. వాళ్ళ తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. పొలంతోపాటు పంచాంగం కూడా తెచ్చుకున్నారు. విత్తనం వేయాలన్నా, మిరప నారు పీకాలన్నా, చుట్టాలింటికి పోవాలన్నా గోడకి వేలాడే ఆ పంచాంగాన్ని అడగాల్సిందే. మా పుట్టింట్లో ముహూర్తం అంటే షిఫ్టు సైరను. అది కూస్తే అష్టమైనా అమావాస్యైనా నాన్న బాయిలోకి దిగాల్సిందే. బొగ్గుకి శూలలు లేవు. అందుకని ఆవిడ మాట నా చెవికి ఎక్కలేదు.

ఒక్క రోజు ఆగితే ఏం పోయింది అని మీరూ అడగొచ్చు. మా ఆయనా అడిగాడు. ఆదివారం నవమి, వద్దంది. సోమవారం మళ్ళీ తూర్పుకే శూల. మంగళవారం మంగళవారం కనక వద్దు. ఇట్లా అయితే నా సెలవంతా గోడ మీది పంచాంగంలోనే ఖర్చయిపోతుంది. "నేను శనివారమే పోత," అన్నాను. ఆవిడ "సరే, నీ ఇష్టం," అని లోపలికి పోయింది. మా ఆయన, "మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకండి," అని టీవీ సౌండు పెంచాడు.

నాకు ఆవిడ అనుమతి అక్కర్లేదు. జీతం నాది, బండి నాది, నడుము నాది. నాకు కావాల్సింది ఇంకొకటి. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి, నేను గడప దాటిన ప్రతిసారీ మా అత్తమ్మ "పోయిరా" అనేది. డ్యూటీకైనా, కూరగాయలకైనా, సందు చివర పాల ప్యాకెట్టుకైనా సరే. చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి, గుమ్మం దాకా వచ్చి మరీ అనేది. కొత్తలో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత అది వినకుండా బయటికి పోతే, సరిగా తుడవని స్లైడుని చూస్తున్నట్టు ఆ రోజంతా మసకగా ఉండేది. ఇంత దూరం పోతూ ఆ మాట లేకుండా పోవాలంటే నాకు దిగులుగా ఉంది. అది వినకుండా గోదావరి దాటగలనా లేదా అన్నది నాకే తెలియదు. అయినా బతిమాలడం నా వల్ల కాదు.

శుక్రవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి నా సంచులు వరండాలో ఉన్నాయి. నేను మంచం మీద పరిచిన సామానంతా చక్కగా సర్ది, తాళ్ళు కట్టి, బయట పెట్టేసింది. గుమ్మానికి అడ్డంగా మా అత్తమ్మ నిలబడి ఉంది.

"లోపల తడిగుడ్డ పెట్టానమ్మాయ్. అడుగులు పడతాయి."

"ఆరినంక వస్త," అన్నాను.

"పక్కింటావిడ ఒక్కతే ఉందట ఇవాళ. భయమట. రాత్రికి తోడు పడుకో. అన్నం అక్కడికే పంపిస్తా."

పక్కింటావిడకి భయమా? ఆవిడని చూసి మా వీధి కుక్కలు దారి మార్చుకుంటాయి. నేనేదో అనబోయి ఆవిడ కాళ్ళ వైపు చూశాను. మడమల దాకా వాచి ఉన్నాయి. "కాళ్ళేంది, గట్ల వాచినయి?" అన్నాను. "గుళ్ళో ప్రదక్షిణలు చేశాలే," అంది. "నా కోటు చూసిండ్రా?" అన్నాను. "దొరుకుతుందిలే," అని తలుపు దగ్గరికి వేసింది.

నా ఇంట్లోకి నన్ను రానివ్వలేదు. అన్నం క్యారేజీలో వచ్చింది. పొద్దున స్నానం కూడా పక్కింట్లోనే అయింది. ఇంత కోపమా అనుకున్నాను. మాట వినకపోతే సామాను బయట పడేసే అత్తల గురించి దవాఖానాలో ఆడవాళ్ళు చెప్పగా విన్నాను. నా ఇంట్లో, ఇన్నేళ్ళకి, ఈ వయసులో నాకు ఆ ముచ్చట తీరింది.

శనివారం పొద్దున బండికి సంచులు కట్టుకుంటుంటే, టీ గ్లాసు ప్రహరీ గోడ మీదకి వచ్చింది. తెచ్చింది మా ఆయన. అత్తమ్మ లోపల పీట మీద, గోడ వైపు తిరిగి, చిక్కుళ్ళు ఒలుస్తోంది. గేటు దగ్గరి నుంచి ఆవిడ వీపు కనబడుతోంది, చెవి కూడా కనబడుతోంది. ఆ చెవికి వినబడదనడానికి లేదు.

"అత్తమ్మా, పోయొస్త!"

చిక్కుడుకాయ పుటుక్కుమంది. ఆవిడ తల తిప్పలేదు.

ఇంకోసారి గట్టిగా అన్నాను. పక్కింటావిడ కిటికీ తీసింది గానీ మా అత్తమ్మ కదల్లేదు. మా ఆయన బండి అద్దం మీది చినుకులు తుడుస్తూ, "పాల్వంచలో చిన్నమ్మ ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆగి పో. మర్చిపోకు," అన్నాడు. చిన్నమ్మ అంటే అత్తమ్మ చెల్లెలు, నాకు చిన్నత్త. పెళ్ళయిన నాటి నుంచి పాల్వంచలోనే ఉంటుంది. నన్ను ఆపలేక, దారిలో చెల్లెలిని కాపలా పెట్టిందన్నమాట. అక్కడ ఆగితే ఏడుపులు, హారతులు, రేపు పోదువులే అన్న బుజ్జగింపులు. "చూస్త," అని కిక్కు కొట్టాను.

ఇల్లందు దారి పట్టాను. భద్రాచలానికి అంతకంటే దగ్గర దారి ఉంది. కానీ నా మొదటి రోజు నా ఊరి మీదుగా పోవాలనిపించింది. రోడ్డుకి రెండు పక్కలా పత్తి మోకాలెత్తు దాటింది. మిరప నారుమళ్ళ మీద పచ్చటి గుడ్డ కప్పి ఉంది. ప్రతి ఊరి మొదట్లోనూ వినాయకుడి పందిరి, దాని ముందు కుర్చీల్లో నిద్రపోతున్న కుర్రాళ్ళు, ఎవరూ వినని మైకు. హారను కొట్టిన చోటల్లా నేను మనసులో మా అత్తమ్మతో వాదిస్తున్నాను. హెల్మెట్‌లో వాదిస్తే ఒక సుఖం ఉంది, అవతలివాళ్ళు జవాబివ్వరు. ఒక బాధ కూడా ఉంది, అదీ అదే.

ఇల్లందు చేరేసరికి రోడ్డు నల్లబడింది. బొగ్గు టిప్పర్లు పోయే దారి కదా, చినుకు పడితే చాలు, కాటుక కలిపినట్టు ఉంటుంది. షిఫ్టు దిగినవాళ్ళు బండ్ల మీద ఎదురొస్తున్నారు, మొహాలు కడుక్కున్నా కళ్ళ చుట్టూ నలుపు పోలేదు. మా కాలనీ గ్రౌండు పక్కన బండి నెమ్మది చేశాను. ఆ గ్రౌండులో నాన్న వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవాడు. పట్టుకునే ఉన్నాననేవాడు, ఎప్పుడు వదిలేసేవాడో తెలిసేది కాదు. చేతులు వదిలినా కేక మాత్రం వెనక నుంచి వస్తూనే ఉండేది. ఆ కేక ఉన్నంతసేపూ నేను పడలేదు. ఆగి దిగుదామనుకున్నాను గానీ, దిగితే మనసు మెత్తబడుతుందని భయమేసి ముందుకి పోయాను.

ఇల్లందు దాటాక అడవి దగ్గరైంది. టేకు చెట్లు తెల్లగా పూశాయి. గాలి ఆగిపోయింది. గాలి ఆగిందంటే ఏం వస్తుందో నాకు తెలుసు, చేతిలో కోటు లేదు. మలుపు తిరిగేసరికి వాన ఎదురుగా నిలబడి ఉంది. ఒక్క నిమిషంలో చొక్కా, లోపలి బనీను, బూట్లు, నా పౌరుషం అన్నీ తడిసిపోయాయి. రోడ్డు పక్కన రేకుల కింద ఒక టీ కొట్టు కనబడితే బండి ఆపి లోపలికి దూరాను.

కొట్టు నడిపే ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, పొయ్యి దగ్గర స్టూలు వేసింది.

"ఒక్కదానివే పోతున్నవా అక్కా?"

"అవ్."

"కోటు లేదా?"

"ఉండె. ఇంట్ల దాచిండ్రు."

ఆమె నవ్వింది. టీ గ్లాసు చేతికిచ్చి, "మరి ఒక్కదానివే పోతుంటే ఇంట్లోళ్ళు ఏమనలేదా?" అంది.

"అనలేదు," అన్నాను. "అదే బాధ."

అనేశాక నాకే ఆశ్చర్యమైంది. పొద్దుటి నుంచి నేను కోపం అనుకుంటున్నది కోపం కాదు. ఆమెకి ఏమర్థమైందో గానీ, లోపలికి పోయి ఒక పాత పాలిథిన్ పట్టా తెచ్చింది. మధ్యలో కత్తెరతో తల పట్టేంత చీల్చి నా మెడలో వేసింది. నడుముకి తాడు కట్టింది. "ఇప్పుడు పో," అంది. వానాకాలం పొలంలో నాట్లేసే మనిషిలా తయారై మళ్ళీ బండెక్కాను.

ఆ తర్వాత దారిలో బోర్డులు మొదలయ్యాయి. అడవిలోకి చీలే మట్టి రోడ్ల దగ్గర, పసుపు రంగు మీద నల్ల అక్షరాలు. మొదటి పేరు చదవగానే బ్రేకు మీద కాలు పడింది. ఆ పేరు నాకు తెలుసు. స్లైడు కాగితం మీద వణికే చేతిరాతతో ఎన్నిసార్లు చదివానో. ఒక ఏడాది వానల్లో ఆ ఊరి నుంచి వచ్చిన గాజు పలకలు చూసి చూసి నా కళ్ళు నీళ్ళు కారాయి. ఇప్పుడు ఆ ఊరు నా ముందు ఉంది. మేకల్ని తోలుకొస్తున్న ఒక ముసలాయన, సైకిలు మీద బడి సంచులతో ఇద్దరు ఆడపిల్లలు, ఇంటి ముందు ఆరేసిన చీర వానకి మళ్ళీ తడుస్తోంది. ఆ పిల్లలు ఏదో మాట్లాడుకుంటూ పోయారు, తెలుగు కాదు, వాళ్ళ ఇంటి భాష. నన్ను చూసి, నా పాలిథిన్ పట్టాని చూసి పడీపడీ నవ్వారు. నా బల్ల మీదకి వచ్చినప్పుడు ఆ ఊరు జ్వరంతోనే వచ్చేది. జ్వరం లేనప్పుడు ఆ ఊరు ఇలా ఉంటుందని, ఇంతగా నవ్వుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇందుకే కదా బయలుదేరింది అనుకున్నాను. సంతోషంగానే ఉంది. కానీ ఆ సంతోషం చెప్పుకోవాలనిపించిన మనిషి చిక్కుళ్ళు ఒలుస్తూ గోడ వైపు తిరిగి కూర్చుంది.

కొత్తగూడెం దాటాను. పాల్వంచలో చిన్నత్త వాళ్ళ సందు రోడ్డు మీదికే ఉంటుంది. సందు మొదట్లో ఆవిడ నిలబడి ఉంది కూడా, గొడుగేసుకుని. నేను ఉన్న అవతారంలో ఆవిడకి కనబడటం నాకు ఇష్టం లేదు. పట్టా కట్టుకుని, బురద కొట్టుకుని వెళ్తే, మా అత్తమ్మ అన్నట్టే జరిగిందని సాయంత్రానికల్లా చుట్టాలందరికీ తెలిసిపోతుంది. హెల్మెట్ అద్దం దించేసి, లారీ పక్కగా దూసుకుపోయాను. నన్ను పోల్చుకుందో లేదో తెలియదు. అద్దంలో చూస్తే ఆవిడ గొడుగు ఊపుతోంది.

వంతెనకి ఈవలే ఆగిపోయాను. వాన వెలిసింది. పేపరు మిల్లు వాసన గాలిలో ఉంది. కింద గోదావరి ఎర్రమట్టి రంగులో, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నిండుగా పోతోంది. అవతల భద్రాచలం గోపురం, ఆ తర్వాత కుంట దారి, ఆ తర్వాత నేను ఎన్నడూ చూడని ప్రపంచం. వంతెన మీద బస్సులు పోతున్నాయి, భక్తుల ఆటోలు పోతున్నాయి, మేకల్ని ఎక్కించుకున్న ట్రాలీ కూడా పోయింది. నేను మాత్రం ఇంజను ఆపి, బండిని పక్కన పెట్టి, రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను.

ఫోను తీసి చూశాను. మిస్డ్ కాల్స్ ఉన్నాయి, అన్నీ చిన్నత్తవే. అత్తమ్మది ఒక్కటీ లేదు. సిగ్గు చంపుకుని నేనే అత్తమ్మకి చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

నాకు చలి పుట్టింది. బట్టలు తడిసినందుకే కావచ్చు. వెనక్కి పోతే మా వీధి నవ్వుతుంది, ముందుకి పోతే నా లోపల ఎవరూ నవ్వరు. ఆవిడ మాట లేకుండా ఈ నీళ్ళు దాటలేనని అప్పుడు తెలిసిపోయింది. శూల మీద భయం కాదు. పోయిరా అన్న మాటలో రా కూడా ఉంది. అది అనేవాళ్ళు లేకపోతే ఇక తిరిగి రావడం ఎవరి కోసం? బండి తిప్పేద్దామని తాళం చెవి మీద చెయ్యి వేశాను.

అప్పుడు ఫోను మోగింది. చిన్నత్త.

"ఏందే, పిలుస్తుంటె ఆగకుండ ఉరికినవ్?"

"వాన అత్తమ్మా, చూసుకోలె."

"చూసుకోలేదా? అద్దం దించుకొని మరీ పోయినవ్! నీ సామాను ఈడ పెట్టుకొని పొద్దటి సంది సందు మీద నిలవడితి."

"నా సామానేంది?"

"నీ కోటు. నిన్న మీ అత్త తెచ్చి పెట్టి పోయింది."

"నిన్న ఆమె గుడికి పోయింది గద," అన్నాను.

"గుడికో గోపురానికో. తెల్లారకముందె బస్సెక్కి ఈడికి వచ్చింది. నీ కోటు ఒళ్ళె పెట్టుకొని కూసున్నదట దారంత. చాయ తాగమంటె తాగలె. జల్దీ జల్దీ మల్ల బస్సెక్కి పోయింది. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేలోపల ఇంట్ల ఉండాలె అన్నది."

మోకాళ్ళ నొప్పితో వీధి చివర గుడికి కూడా ఆటోలో పోయే మనిషి. ఆ వాచిన మడమలు నా కళ్ళ ముందుకి వచ్చాయి. నేను బండి వెనక్కి తిప్పాను.

ఈసారి సందులోకి తిన్నగా పోయి, చిన్నత్త ఇంటి ముందు ఆగాను. ఆవిడ నా పాలిథిన్ పట్టాని చూసి ముందు నోరు నొక్కుకుంది, తర్వాత నవ్వింది, తర్వాత తువ్వాల తెచ్చింది. దేవుడి గూటి పక్కన బల్ల మీద నా కోటు ఉంది. చక్కగా మడిచి, నాలుగు మూలలా పసుపు రాసి, పైన ఒక పోకచెక్క పెట్టి ఉంది.

"ఇదేందత్తమ్మా?"

"ప్రస్థానం. మీ బాయిలోళ్ళకు ఎరుక లేదు గావచ్చు," అంది చిన్నత్త, నా తల తుడుస్తూ. "పోవాల్సిన దినం మంచిది గాకుంటె, దానికంటె ముందు మంచి దినం చూసి, ఆ మనిషి వస్తువు ఒకటి ముందుగాల పంపిస్తరు. పోయే దిక్కుకే పంపాలె. వేరేవాళ్ళ ఇంట్ల పెట్టాలె. ఆ వస్తువు పోయిందంటె ఆ మనిషి పోయినట్టె. శుక్రవారం సప్తమి, తూర్పుకు ఏ అడ్డం లేదు. నువ్వు శుక్రవారమే బయలెల్లినవ్ బిడ్డా. ఇయ్యాల నీది రెండో రోజు."

"మరి నాకు చెప్పొచ్చు గద."

"చెప్తె నువ్వు నవ్వుతవ్, కోటు గుంజుకుంటవ్ అన్నది. అబద్ధమా?"

అబద్ధం కాదు. రెండూ చేసేదాన్ని.

"ఒకసారి బయలెల్లినంక మల్ల ఆ ఇంట్ల అడుగు పెట్టద్దు," అని చిన్నత్త చెబుతూనే ఉంది. "అందుకే నిన్ను పక్కింట్ల పండవెట్టింది. పోయిరా అని ఇయ్యాల అన్నదనుకో, ఇయ్యాల బయలెల్లినట్టు అయితది. శనివారం పయనం అయితది. నీ కోటు నీ చేతికి అందేదాంక నీతోటి మాట్లాడనని పట్టువట్టింది. నిన్న పోయేటప్పుడు మాత్రం ఇగో, గీ కోటు మీద చెయ్యివెట్టి, పోయిరా అమ్మాయ్ అన్నది. నాకు నవ్వొచ్చింది గని నవ్వలె. మా అక్క కండ్లు చూసి నవ్వబుద్ధి కాలె."

నాకు ఏడుపొచ్చింది. చిన్నత్త ముందు ఏడవడం ఇష్టం లేక తువ్వాలలో మొహం పెట్టుకుని చాలాసేపు తల తుడుచుకున్నాను. గుమ్మానికి అడ్డం నిలబడిన మనిషి, గోడ మీద టీ గ్లాసు, గోడ వైపు తిరిగిన వీపు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మైక్రోస్కోపులో ఒక్కోసారి ఇలా అవుతుంది. స్లైడు అదే, చుక్క అదే, చిన్న మర తిప్పేసరికి అక్కడున్నది వేరే అని తెలుస్తుంది. తన శాస్త్రం తప్పకుండా, నా పంతం విరగకుండా ఆవిడ ఒక దారి వెతికింది. ఆ దారి వెంట తనే ముందు నడిచింది.

కోటు తొడుక్కుని, బయటికి వచ్చి, అత్తమ్మకి ఫోను చేశాను. ఒక్క మోతకే ఎత్తింది.

"కోటు వేసుకున్నావా?" అంది, హలో కూడా అనకుండా.

"వేసుకున్న."

"తడిసి ఉంటావు."

"తడిసిన. పొద్దున ఒక్క మాట అనొచ్చు గద అత్తమ్మా. రెండుసార్లు కేకేసిన."

"విన్నాను," అంది. "ఎట్లా అంటానమ్మాయ్? నువ్వు ఇంట్లో లేవు కదా. ముందు రోజే వెళ్ళిపోయావు. వెళ్ళిపోయిన మనిషిని చూస్తే అనకుండా ఉండలేనని గోడ వైపు తిరిగి కూర్చున్నా."

అటు వైపు మిక్సీ ఆగిన చప్పుడు, మా ఆయన ఏదో అడగడం వినబడింది.

"వచ్చేటప్పుడు ఏ వారం రావాలె?" అన్నాను చివరికి. ఏదో ఒకటి అనాలని అన్నాను.

"పిచ్చిదానా," అంది మా అత్తమ్మ. "పోవడానికి చూడాలి గానీ, ఇంటికి రావడానికి వారమేంటి?"

నేను ఇప్పటికీ శూలలు నమ్మను. కనబడని దాన్ని నమ్మే చదువు కాదు నాది. కానీ ఆ సాయంత్రం మళ్ళీ వంతెన దగ్గరికి వచ్చేసరికి మబ్బు పూర్తిగా విడిపోయింది, గోదావరి మీద ఎండ పడుతోంది. ఆగకుండా ఎక్కేశాను. చినుకు లేని ఎండలో మెడ దాకా గుండీలు పెట్టుకుని, పసుపు మరకల రెయిన్ కోటులో పోతున్న నన్ను చూసి బస్సు కిటికీల్లో జనం నవ్వుకున్నారు. అవతలి ఒడ్డు చేరేదాకా కోటు విప్పలేదు.